తెబుకురొ అంటే చేతిసంచీ: హోటల్ హౌస్‌కీపింగ్ జపనీస్ మీద ఒక ప్రసంగం

(అమలాపురంలో ఒక కాలేజీ హాల్లో, జపాన్ హోటల్లో పనిచేసొచ్చిన ఒకావిడ చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాదంతా ఆవిడ మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినబడుతోందా అండి? ఫ్యాన్ల సౌండ్ బాగా ఉంది, వినబడకపోతే చెయ్యెత్తండి, ఇంకాస్త అరుస్తాను. ముందే ఒక మాట చెప్పేస్తున్నా, నేను టీచర్‌ని కాదు. ఒసాకాలో ఒక బిజినెస్ హోటల్లో నాలుగేళ్ళు గదులు తుడిచాను, పక్కలేశాను, బాత్‌టబ్బులు కడిగాను. నాకొచ్చిన జపనీస్ అంతా చేతిలో గుడ్డ పట్టుకుని నేర్చుకున్నదే, అందుకని ఎవరైనా లేచి వ్యాకరణ సూత్రం అడిగితే నేను నీళ్ళు నములుతాను, గది గురించి అడిగితే మాత్రం తలుపు దగ్గర్నుంచి డ్రెయిన్ దాకా చెప్తాను.

ఇప్పుడు జపనీస్ ఎందుకు అని మా ఊళ్ళోనే చాలామంది అడిగారు, మనకి కువైట్ ఉంది, దుబాయ్ ఉంది, అక్కడ హిందీతో గడిచిపోతుంది కదా అని. నిజమే, గడిచిపోతుంది. జపాన్‌లో గడవదు. 2024లో జపాన్‌కి బయటి దేశాల నుంచి దాదాపు 3 కోట్ల 68 లక్షల మంది వచ్చారు, వాళ్ళందరికీ గదులు కావాలి, ఆ గదులు రోజూ ఎవరో ఒకరు సర్దాలి, అక్కడేమో పనిచేసే వయసువాళ్ళు తగ్గిపోతున్నారు. నాకు పని నేర్పినావిడకి అరవై దాటాయి, ఆవిడ పక్కన చేసేవాళ్ళలో సగం మందికి అంతే.

వీసా సంగతి గబగబా చెప్పేస్తా, ఎందుకంటే ఈరోజు నేను వచ్చింది మాటల కోసం. 2019 ఏప్రిల్‌లో తొకుతే గినో అని, స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా మొదలుపెట్టారు, 2021 జనవరిలో మన దేశంతో దానికి ఒప్పందం అయింది. అందులో హోటళ్ళది షుకుహకు అని ఒక ఫీల్డ్, బిల్డింగ్ క్లీనింగ్ అని ఇంకో ఫీల్డ్. రెండూ ఒకటి కాదు, రెండిటికీ స్కిల్ టెస్ట్ వేరు, మీ చేతికొచ్చే కాగితంలో ఏది రాసుందో చూసుకోండి, చూసుకోకుండా సంతకం పెట్టొద్దు. భాషకేమో జేఎల్‌పీటీ అని జపనీస్ పరీక్ష ఉంది, అందులో ఎన్4 లెవెల్ పాసవ్వాలి, లేదా జేఎఫ్‌టీ బేసిక్ అని కంప్యూటర్ మీద రాసే పరీక్ష, 250కి 200 రావాలి. నేనైతే ఆ దారిలో వెళ్ళలేదు. లాంగ్వేజ్ స్కూల్‌కి స్టూడెంట్ వీసా మీద వెళ్ళాను, పంపించినాయన "ఎన్ని గంటలైనా పని చేసుకోవచ్చమ్మా, ఏడాదిలో అప్పు తీరిపోద్ది" అన్నాడు. అక్కడికెళ్ళాక తెలిసింది, స్టూడెంట్ వీసా మీద వారానికి 28 గంటలే. అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది. ఆయన పేరు చెప్పను, ఈ హాల్లో ఆయన బంధువులు ఉన్నా ఉంటారు.

సరే, మాటలకి వద్దాం.

స్కూల్లో నాకిచ్చిన పుస్తకంలో మొదటి పాఠం ఏంటంటే, ఇది పుస్తకం, అది గొడుగు, ఆయన డాక్టరు. బాగుంది. హోటల్లో మొదటిరోజు నన్ను గదిలోకి తీసుకెళ్ళి నాకు పని నేర్పినావిడ చెప్పిన మాటల్లో పుస్తకం లేదు, డాక్టరు లేడు. షీట్లు, మురికి, వెంట్రుక, ఇటు లాగు, అటు తిప్పు, తక్కువైంది, అయిపోయింది, ఇవీ ఆవిడ మాటలు. నా దగ్గర ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకున్న లిస్టు ఒకటి ఉంది, ఏ నుంచి జెడ్ దాకా వరసగా, ముత్యాల్లాంటి రైటింగ్. అందులో ఒక్క మాట సమయానికి దొరికితే ఒట్టు.

అప్పుడు ఆ లిస్టు చింపేసి కొత్త నోట్‌బుక్ మొదలుపెట్టాను. రెండే మార్పులు చేశాను. ఒకటి, మాటల్ని చేతులు పనిచేసే వరసలో రాసుకున్నాను, తలుపు, చెత్తబుట్ట, పక్క, బాత్రూమ్, సామాన్లు, చివర్న నేల. రెండోది, ఇంగ్లీష్ అక్షరాలు మానేసి తెలుగులో రాశాను. ఈ రెండోది చెప్తే చాలామంది నవ్వుతారు. మీరూ నవ్వుతున్నారు. సరే, ఒక పరీక్ష పెడతా. థాంక్స్‌ని జపనీస్‌లో ఏమంటారు? ఆ, అందరికీ వచ్చు. అరిగాటో! గట్టిగా గా, గట్టిగా టో. ఇంగ్లీష్‌లో చదివాం కాబట్టి అలా వచ్చింది. వాళ్ళనేది అరిగతో. గ పొట్టి, త మన తల్లిలో త, చివర ఓ మాత్రం సాగుతుంది. ఇంగ్లీష్‌లో టీ అక్షరం చూసి అది త నో ట నో ఎవరికి తెలుస్తుంది? తెలుగులో రాస్తే అనుమానమే లేదు. వాళ్ళకి ట, డ లేవు, త, ద లే.

ఇంకోటి చూడండి. కిరే అంటే శుభ్రంగా ఉంది, అందంగా ఉంది అని. కిరాయ్ అంటే నాకిష్టం లేదు అని. నేను గది మొత్తం మెరిసేలా తుడిచి, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినావిడ ముందు నిలబడి నవ్వుతూ "కిరాయ్ దెస్" అన్నాను. ఆవిడ గదిని చూసింది, నన్ను చూసింది. నేనేమో మళ్ళీ ఇంకా గట్టిగా అన్నాను! తెలుగులో రాసుకున్నాక ఆ తప్పు మళ్ళీ జరగలేదు, ఎందుకంటే కిరాయ్ అని చూడగానే ఇంటద్దె గుర్తొస్తుంది, ఇంటద్దె ఎవరికి ఇష్టం చెప్పండి?

వాళ్ళ భాషలో త్సు అని ఒక శబ్దం ఉంది. ఇంగ్లీష్‌లో నాలుగక్షరాలు... కాదు మూడు, టీ ఎస్ యూ, అవి చూసి పిల్లలు టుసు అంటారు, సు అంటారు, నానా తంటాలు పడతారు. మనకి ఏం తంటా? చుట్టం అని ఎలా అంటారు మీరు? చాప, చలి? అది చ కాదు కదా, ౘ. పాత పుస్తకాల్లో చ మీద చిన్న గుర్తు పెట్టి రాసేవారు చూడండి, ౘుట్టం, ౘాప, ౘలి. ఆ ౘు నే వాళ్ళ త్సు. షీట్లని షీౘు అంటారు. లోపలికి వెళ్ళేటప్పుడు ఏమంటారు, షిౘురే షిమాస్. అలాగే ౙడలో ౙ, ౙామకాయలో ౙ, అదే వాళ్ళ నీళ్ళలో ఉంది, మిౙు. మా అమ్మమ్మ పళ్ళు లేకుండా కూడా ఈ రెండూ బ్రహ్మాండంగా పలుకుతుంది.

ఇక మన సున్న. తెలుగులో సున్న ఏ అక్షరం ముందుంటే దానికి తగ్గట్టు మారుతుంది కదా, పంపులో మ్ అవుతుంది, బందులో న్ అవుతుంది, వంకలో ఇంకోలా వస్తుంది. వాళ్ళకీ సరిగ్గా అలాంటి అక్షరమే ఒకటుంది, అలాగే మారుతుంది. మూడో అంతస్తు సంగాయ్, మూడు సీసాలు సంబొన్, వరసగా రెండు మూడు రాత్రులు ఉండే గెస్టుని రెంపకు అంటారు. సున్న పెట్టి రాసేయండి, పలకడం నోరే చూసుకుంటుంది.

ఇంగ్లీష్‌లో మాట్లాడేటప్పుడు మనల్ని ఎప్పుడూ ఎగతాళి చేస్తారు, బస్సు, స్కూలు, టేబులు, అన్నిటికీ చివర ఉ తగిలిస్తారని. జపాన్ వెళ్ళండి, దానికే మార్కులేస్తారు. బస్సుని బసు అంటారు, స్కూల్‌ని సుకూరు, టేబుల్‌ని తేబురు. వాళ్ళకి ల లేదు, ర ఒక్కటే. అంటే హోటల్ ఏమవుతుంది? హొతెరు. టవల్? తఒరు. టాయిలెట్? తొయిరె. హోటల్ గదిలో ఉన్న వస్తువుల్లో బోలెడన్ని ఇలాంటివే, కొత్తగా నేర్చుకునేదేం లేదు, కాస్త వంకర తిప్పాలంతే. కాకపోతే అందులో గోతులు కూడా ఉన్నాయి. కొన్సెంతొ అంటే ఒప్పుకోవడం కాదు, గోడ మీద కరెంటు ప్లగ్గు పెట్టే సాకెట్. ఫురొంతొ అంటే ముందువైపు కాదు, రిసెప్షన్. కురేము అంటే గెస్టు కంప్లైంట్. "కురేము వచ్చింది" అని వినగానే నేను క్రీమేదో తెచ్చారు అనుకుని సంతోషపడ్డాను. ఆ సంతోషం ఎంతసేపు ఉందో మీరే ఊహించుకోండి.

రండి, ఇప్పుడు గదిలోకి వెళ్దాం. తలుపు. తలుపుకి కార్డు వేలాడుతుంది, ఒకొసనాయ్‌దె కుదసాయ్, నన్ను లేపకండి అని. అది ఉంటే కొట్టొద్దు, వెళ్ళిపోండి. లేకపోతే తట్టి, షిౘురే షిమాస్ అని, ఆగి, మళ్ళీ తట్టి, అప్పుడు తెరవాలి. షిౘురే అంటే మర్యాద తప్పుతున్నాను అని అర్థం, "మీకు అడ్డొస్తున్నానండి, ఏమనుకోకండి" అన్నట్టు. వెళ్ళేటప్పుడూ అదే, వచ్చేటప్పుడూ అదే. గెస్టు లోపల ఉంటే ఒక్యకుసమ అనాలి. సన్ అంటే మన గారు. సమ అంటే గారు కంటే ఇంకో రెండు మెట్లు పైన. మన పేరుకి మనం గారు తగిలించుకోం కదా? అక్కడా అంతే, ఎవరైనా పేరడిగితే మీ పేరు వెనక మీరే సన్ పెట్టుకోకండి, నవ్వుకుంటారు.

తర్వాత చెత్త. గొమి అంటే చెత్త. హకొ అంటే పెట్టె. రెండూ కలిస్తే గొమిహకొ అవ్వాలి కదా? కాదు, గొమిబకొ. ఎందుకు మారింది? స్కూల్లో దీనికి పెద్ద పాఠం చెప్పారు, పక్కన కూర్చున్న వేరే దేశం పిల్లలందరూ తల పట్టుకున్నారు. నాకేమో తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నతమ్ములు అంటామా? అన్నదమ్ములు. తల్లి, తండ్రి, తల్లిదండ్రులు. కూర, కాయ, కూరగాయలు. గసడదవాదేశం! టెన్త్‌లో రెండు మార్కుల కోసం బట్టీ పట్టి మర్చిపోయిన సంధి, ఒసాకాలో చెత్తబుట్ట దగ్గర ఎదురొచ్చింది. సూత్రం అచ్చం అదే అనను, హ వాళ్ళకి బ అవుతుంది, మనకది లేదు, కానీ చెవికి అలవాటైన వ్యవహారమే. ఫుతొన్ అంటే పరుపు, బొంత లాంటిది, కప్పుకునేదయితే కకెబుతొన్, కింద పరుచుకునేదయితే షికిబుతొన్. అన్నిటికన్నా నాకు ముద్దొచ్చిన మాట తెబుకురొ. తె అంటే చెయ్యి. ఫుకురొ అంటే సంచీ. చేతిసంచీ అంటే ఏంటి, చెప్పండి చూద్దాం? హ్యాండ్‌బ్యాగ్ కాదమ్మా. గ్లౌజులు! చేతులకి తొడిగే సంచులు. ఈ ఒక్కమాట తెలిస్తే మూడు మాటలు వచ్చినట్టు.

చెత్త దగ్గర ఇంకొక్కటి చెప్పి పక్క మీదకి వెళ్దాం. మొఎరు గొమి అంటే కాలే చెత్త, మొఎనాయ్ గొమి అంటే కాలనిది, సీసాలు, డబ్బాలు వేరు. ఏది ఎందులో వెయ్యాలో ఊరిని బట్టి రూల్ మారుతుంది, అది పనిచేసే చోట చూసి నేర్చుకోవాల్సిందే.

పక్క. నాకు పని నేర్పినావిడ అటు, నేను ఇటు, మధ్యలో పెద్ద పరుపు. షీౘు రెండు కొసలు ఆవిడ పట్టుకుంది, రెండు నేను పట్టుకున్నా, ఆవిడ ఏదో అంది, నాకర్థం కాలేదు, ఆవిడ లాగింది, నేను వదిలేశాను, షీట్ అంతా ఆవిడ మీద పడింది. ఆవిడ దాంట్లోంచి తల బయటపెట్టి మళ్ళీ నెమ్మదిగా అంది, "సే... నొ!" నొ దగ్గర లాగాలన్నమాట. మనవాళ్ళు వల లాగేటప్పుడు, పడవ తోసేటప్పుడు హైలెస్సా అనరూ? అదీ. సేనొ అంటే అర్థం డిక్షనరీలో వెతక్కండి, ఇద్దరు కలిసి బరువు ఎత్తేటప్పుడు అనండి, చేతులకే తెలుస్తుంది. ఆ తర్వాత ఆవిడ ప్రతిదీ ముట్టుకుంటూ చెప్పేది, మిగి, కుడివైపు, హిదరి, ఎడమవైపు, ఒమొతె, పై వైపు, ఉర, లోపలి వైపు. దిండుని మకుర అంటారు. నేను కూడా ముట్టుకున్నదాని పేరు బయటికి అనడం మొదలుపెట్టాను, గదిలో ఎవరూ లేకపోయినా సరే. మకుర ముట్టుకుంటే మకుర, అద్దం తుడిస్తే కగమి. రోజుకి పది పన్నెండు గదులు, అంటే ఒక్కో మాట కనీసం పది పన్నెండుసార్లు. ఇంకేం బట్టీ కావాలండి?

షీట్ మీద చూడాల్సినవి రెండు. షిమి, అంటే మరక. ఇంకోటి కమినొకె, అంటే తలవెంట్రుక. ఈ కమినొకె నన్ను ఎంత ఏడిపించిందో. మొదటివారం, బాత్రూమ్ చూడ్డానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ టబ్ వైపు వేలు చూపించి గబగబా ఏదో అంది, నాకు అందులో కమి ఒక్కటే వినబడింది. కమి అంటే కాగితం అని స్కూల్లో చెప్పారు. సరే కదా అని పరిగెత్తుకెళ్ళి టాయిలెట్ పేపర్ రోల్ పట్టుకొచ్చి ఇచ్చాను. ఆవిడ దాన్ని తీసుకుని, నా ముఖం చూసి, ఒక ముక్క చింపి, టబ్ అంచు మీద అంటుకున్న ఒకే ఒక్క వెంట్రుకని దాంతో తీసి నా కళ్ళ ముందు పెట్టింది. అప్పుడు వెలిగింది. కమి అంటే కాగితం, కమి అంటే జుట్టు కూడా, పలకడం ఒకలాగే. దేవుణ్ణి కూడా కమి అనే అంటారు, అది కాస్త వేరేగా ఎత్తి పలుకుతారు. అందుకే వెంట్రుకని విడిగా కమినొకె అంటారు, ఆ నొకె వినబడేదాకా కదలొద్దు. షేవింగ్ రేజర్‌ని కమిసొరి అంటారు, అందులోనూ ఈ జుట్టే ఉంది. దువ్వెనేమో కుషి. దువ్వుకుంటే ఖుషీగా ఉంటుంది, గుర్తుపెట్టుకోండి.

బాత్రూమ్‌లో ఇంకో చిక్కు. మనకి నీళ్ళు నీళ్ళే, వేడివైతే వేడినీళ్ళు అంటాం, చన్నీళ్ళు అంటాం. వాళ్ళకి చన్నీళ్ళు మిౙు, వేడినీళ్ళు ఒయు, రెండూ వేరే మాటలు. వేడినీళ్ళు రావట్లేదు అంటే ఒయు గ దెమసెన్. మిౙు గ దెమసెన్ అన్నారనుకోండి, ప్లంబర్ వచ్చి చన్నీళ్ళ పైపు విప్పుతాడు. చివర మసెన్ అంటే జరగట్లేదు, లేదు అని. మాస్ అంటే జరుగుతుంది. మష్త అంటే జరిగిపోయింది. ఈ మూడు తోకలు పట్టుకోండి చాలు. తరిమసెన్, సరిపోలేదు. ఒవరిమష్త, అయిపోయింది. కొవరెమష్త, విరిగిపోయింది, పాడైపోయింది.

అన్నట్టు వాక్యం కట్టడం గురించి ఎవరో చీటీ పంపారు, కష్టమా అని. చూడండి, దిండు కవర్లు రెండు ఇవ్వండి. మకుర కబా ఒ నిమాయ్ కుదసాయ్. మకుర దిండు, కబా కవర్, ఒ అంటే ని, నిమాయ్ రెండు, కుదసాయ్ ఇవ్వండి. వరస మారిందా? ఎక్కడా మారలేదు. క్రియ చివర్నే. ఇంగ్లీష్‌లో అయితే ముందు ఇవ్వండి అని తర్వాత ఏం కావాలో చెప్పాలి. మనం తెలుగులో అనుకున్నదాన్ని ముందు ఇంగ్లీష్‌లోకి తిరగేసి, అక్కణ్ణుంచి మళ్ళీ జపనీస్‌లోకి తిరగేస్తాం, రెండుసార్లు బోర్లాపడటం ఎందుకు చెప్పండి, తిన్నగా వెళ్ళిపోవచ్చు కదా.

లెక్క మాత్రం కొంచెం ఓపిక పట్టాలి. పల్చగా ఉండేవాటికి మాయ్ అంటారు, షీట్లు, టవళ్ళు. ఇచిమాయ్, నిమాయ్, సమ్మాయ్. మూడు టవళ్ళు సమ్మాయ్, అమ్మాయ్ లాగే. పొడుగ్గా ఉండేవాటికి హొన్, బ్రష్షులు, సీసాలు. ఇప్పొన్, నిహొన్, సంబొన్. నిహొన్ అంటే జపాన్ పేరు కూడా, రెండు సీసాలు అడిగితే దేశాన్నే అడిగినట్టుంటుంది. స్లిప్పర్లు జతల్లెక్క, ఇస్సొకు, నిసొకు. ఇన్నెందుకు అనకండి, మనం మనుషుల్ని ఒకరు, ఇద్దరు, ముగ్గురు అంటాం, రెండు మనుషులు అంటే ఎలా ఉంటుంది? వాళ్ళకీ రెండు టవల్ అంటే అలా ఉంటుంది, కానీ అర్థమవుతుంది, తప్పుగా అయినా అడగండి. ఇంకోటి, నాలుగుని యొన్ అనండి, షి అని కూడా ఉంది కానీ షి అంటే చావు, అందుకే కొన్ని హోటళ్ళలో నాలుగు అంకె ఉన్న గది నంబరే ఉండదు. 305ని మా హోటల్లో సన్ మరు గొ అనేవాళ్ళు, మరు అంటే గుండ్రం, మన సున్నే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైనది. అద్దం ఎలా మెరవాలి? తెలుగులో చెప్పండి. తళతళ! వాళ్ళేమంటారు, పికపిక. దిండు ఎలా ఉండాలి, మెత్తమెత్తగా, దూదిలా, ఫువఫువ. జ్యూస్ పడిన టేబుల్ ఎలా ఉంటుంది, జిగటజిగట, బెతబెత. టబ్ అడుగున చెయ్యి పెడితే ఇసకలా గరగరలాడితే, ౙరౙర. సబ్బు సరిగ్గా పోక జారుతుంటే, నురునురు. ఇంగ్లీష్‌లో ఇలా జంటగా అనే మాటలు ఎన్నుంటాయి చెప్పండి? మనకి గలగల, జలజల, గరగర, బొటబొట, లెక్కే లేదు. వాళ్ళకీ అంతే. నాకు పని నేర్పినావిడ సగం పాఠం వీటితోనే చెప్పింది, టబ్‌లో నా చెయ్యి పట్టుకుని రుద్దించి, నురునురు? అనేది. మళ్ళీ కడిగాక, ఇప్పుడు? అన్నట్టు చూసేది. కుళాయి పికపిక అయ్యేదాకా బయటికి రానిచ్చేది కాదు. పుస్తకాల్లో ఈ మాటలు ఎక్కడో చివర్న ఉంటాయి, నేనైతే మొదటిరోజే నేర్పిస్తాను.

చదవడం రాకపోయినా కళ్ళు గుర్తుపట్టాల్సింది ఒకటుంది, ఇది కాస్త సీరియస్‌గా వినండి. క్లీనింగ్ లిక్విడ్‌ని సెన్‌ౙాయ్ అంటారు. కొన్ని సీసాల మీద పెద్దక్షరాల్లో మౙెరున కికెన్ అని ఉంటుంది, కలపొద్దు, ప్రమాదం అని. బూజు పోగొట్టే క్లోరిన్ లిక్విడ్, టాయిలెట్ గార పోగొట్టే యాసిడ్ లిక్విడ్, ఈ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, చిన్న బాత్రూమ్, కిటికీ ఉండదు, ప్రాణం మీదకొస్తుంది. మనిళ్ళలో బ్లీచింగ్ పౌడరూ యాసిడూ కలిపి కడిగేవాళ్ళు ఉన్నారు, ఇక్కడ కూడా వద్దు. ఆ అక్షరాలు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. అలాగే కజి అంటే నిప్పంటుకుంది, జిషిన్ అంటే భూకంపం. ఈ రెండు మాటలూ నిద్రలో లేపినా తెలియాలి.

వసురెమొనొ, మర్చిపోయిన వస్తువు. వసురె మర్చిపోవడం, మొనొ వస్తువు. ఒకసారి ఖాళీ చేసిన గదిలో దిండు పక్కన అయిదొందల యెన్ నాణెం ఉంది. మనకైతే ఏంటది? టిప్పు! నేను జేబులో వేసుకోబోయి, ఎందుకో ఆగి, ఆవిడకి చూపించాను. ఆవిడ వసురెమొనొ అంది, గది నంబరు, తేదీ, టైమ్ రాయించి కవర్లో వేసి ఫురొంతొకి పంపించింది. అక్కడ టిప్పు అలవాటు లేదు, మీ పేరున థాంక్స్ చీటీ పెడితే తప్ప అది గెస్టు డబ్బే. మా హోటల్ రూల్ ఏంటంటే, బుట్టలో ఉన్నది మాత్రమే చెత్త, బుట్ట బయట ఉన్నది ఫోన్ నంబరు రాసిన చిత్తు కాగితమైనా పారెయ్యకూడదు. దుబాయ్‌లో చేసొచ్చిన బాబాయ్ గారు తల ఊపుతున్నారు, మీ దగ్గరా అంతేనా అండి? ఆ, రాసిపెడతారంట.

తల ఊపడం అంటే గుర్తొచ్చింది. మనం సరే అనడానికి తల అడ్డంగా ఊపుతాం చూడండి, అక్కడ అది కాదు అన్నట్టు ఉంటుంది. నోటితో హాయ్ అనండి. కానీ అర్థం కాకుండా హాయ్ అనకండి. మనకి ఆ జబ్బు ఉంది, అర్థం కాలేదంటే ఏమనుకుంటారో అని ఆ ఆ అనేస్తాం. మో ఇచిదొ ఒనెగాయ్ షిమాస్, ఇంకోసారి చెప్పండి ప్లీజ్. ఈ వాక్యం నేను మొదటి ఆర్నెల్లలో ఎన్ని వందలసార్లు అన్నానో, ఎవరూ విసుక్కోలేదు. అర్థం కాకుండా హాయ్ అన్న ఒక్కరోజు మాత్రం ఒక గది వదిలేసి ఇంకో గది చేశాను, మూడింటికి గెస్టు వచ్చేసరికి పక్క వేసి లేదు.

టైమ్ అయిపోయిందా? ఒక్క ప్రశ్న తీసుకుంటా. అడుగు బాబూ... తెలుగులో రాసుకుంటే పరీక్ష ఎలా పాసవుతాం అని. మంచి ప్రశ్న. పాసవ్వవు. పరీక్షలో తెలుగు ఉండదు. హిరగన 46, కతకన 46 అక్షరాలు రావాల్సిందే, ఆ తర్వాత కంజి అని బొమ్మల్లాంటి అక్షరాలు, అందులో మన తెలుగు ఏమీ సాయం చెయ్యదు, చెమట పట్టాల్సిందే. నేను చెప్పేది మొదటి నెల గురించి. ముందు చెవీ నోరూ తెలుగు అక్షరాలతో సరిచేసుకో, వాళ్ళ అక్షరాలు వచ్చేకొద్దీ తెలుగు పక్కనే అవీ రాస్తూ పో, కొన్నాళ్ళకి తెలుగు దానంతటదే రాలిపోద్ది. నా నోట్‌బుక్‌లో ఇరవయ్యో పేజీ దాటాక తెలుగు లేదు.

ఆ నోట్‌బుక్ తెచ్చాను, బయట టేబుల్ మీద పెడుతున్నా, ఫోన్లతో ఫోటోలు తీసుకోండి. పేజీలు చింపొద్దు. పధ్నాలుగో పేజీలో సగం మాటలు కనబడవు, టీ ఒలికింది, దాన్ని ఏమంటారో మీకు తెలుసు కదా... ఆ. షిమి.